గొంతుక్కూర్చున్న పిల్ల

మొన్న బుధవారం మోకాళ్ళ డాక్టరు నా మీద నిషేధాజ్ఞ జారీ చేశాడు. ఇకమీదట నేల మీద కూర్చోకూడదట, మఠం వేసుకోకూడదట, అన్నిటికన్నా ముఖ్యంగా గొంతుక్కూర్చోవడమన్నది కలలో కూడా తలపెట్టకూడదట. ఈజిప్టు మనిషి, నిలువెత్తు విగ్రహం. చెప్పింది నాకు ఎక్కలేదనుకున్నాడో ఏమో, కుర్చీలోంచి లేచి, ఆ భారీకాయంతో సగం దాకా వంగి, గొంతుక్కూర్చోబోతున్నట్టు నటించి, చూపుడువేలు ఊపుతూ "నో మామా, నో" అన్నాడు. మామా అంటే ఇక్కడివాళ్ళ మాటలో అమ్మా అని. నాకు నవ్వొచ్చింది. నవ్వంటే పెదవి చాటు నవ్వు కాదు, కళ్ళ వెంట నీళ్ళు కారేటంత. మా ఆయన కంగారుపడి నా తరఫున క్షమాపణ చెప్పాడు. కారెక్కాక, "ఏమిటే ఆ నవ్వు, పరువు తీశావు" అన్నాడు. "అదే మాట, అదే వేలు ఊపుతూ నేనొకరికి చెప్పాను కదండీ" అన్నాను. ఎవరికి చెప్పానో ఆయనకి తెలుసు. ఆవేళ నుంచీ నాకు ఒకచోట నిలకడ లేదు. కూర్చుంటే లేవాలని ఉంటుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. వంటింట్లోకి వెళ్ళి ఎందుకొచ్చానో మరిచిపోయి తిరిగొస్తున్నాను. కాగితం ముందు పెట్టుకుంటే కాసేపైనా కుర్చీని అంటిపెట్టుకుని ఉంటానని ఇది మొదలుపెట్టాను.

కూర్చోవడం గురించి నాకింత పట్టింపు ఎక్కడిదంటే, అది మా అమ్మ ఆస్తి. తణుకు దగ్గర మా ఇంట్లో కూర్చోవడానికి ఉన్నన్ని శాసనాలు కోర్టులో కూడా ఉండవు. గడప మీద కూర్చోకూడదు. రోటి మీద కూర్చోకూడదు. కూర్చుని కాళ్ళూపితే దరిద్రం, చెంపన చెయ్యి పెట్టుకుంటే అరిష్టం, మోకాళ్ళు మునగదీసుకుంటే శని. ఇక ఆడపిల్ల గొంతుక్కూర్చుంటే దానికి పేరున్న పాపమేదీ లేదు గానీ మా అమ్మ చూపు చాలు, టక్కున లేచి నిలబడేవాళ్ళం. ఎక్కడికెళ్ళినా ముందు మనిషి ఎలా కూర్చున్నాడో చూసి, ఆ తర్వాతే వాడి మాట వినేది ఆవిడ. పెళ్ళయి మా ఆయన వెంట ఈ ఎడారికి వచ్చినప్పుడు ఆవకాయ జాడీతో పాటు ఈ శాసనాలూ నాతో వచ్చాయి. జాడీని విమానాశ్రయంలో అటూ ఇటూ తిప్పి చూశారు గానీ వీటినెవరూ పట్టుకోలేదు.

మా ఆయన అల్ ఖర్జ్‌లో ఒక పాల ఫారంలో ఇంజనీరు. రియాద్‌కి దక్షిణంగా గంట ప్రయాణం. ఇసుక మధ్యలో రేకుల నీడన ఆవులు, వాటికి నీళ్ళు చిమ్మే పంకాలు. గాలి అటునుంచి వీస్తే పేడ వాసన, ఇటునుంచి వీస్తే కోసిన పచ్చిమేత వాసన. రోడ్డుకి ఈవల ఆఫీసర్ల కాంపౌండు, ఆవల పనివాళ్ళ క్యాంపు. షిఫ్టు మారే వేళకి క్యాంపు గోడవారన, చారెడు నీడలో, మనుషులు బారుగా గొంతుక్కూర్చుని బస్సు కోసం చూస్తుండేవారు. జగిత్యాలవాళ్ళు, నిజామాబాదువాళ్ళు, బీహారువాళ్ళు, బంగ్లాదేశ్‌వాళ్ళు. మాట వేరు, అన్నం వేరు గానీ కూర్చోవడంలో మాత్రం అందరిదీ ఒకే ఊరు. నేను మా బాల్కనీలోంచి రోజూ చూసేదాన్ని. చూసి ఏమనుకునేదాన్నో రాయాలంటే సిగ్గేస్తోంది. ‘మేం వేరు’ అనుకునేదాన్ని.

ఎనిమిదేళ్ళ కిందట మా పక్క ఫ్లాటులోకి అనంతపురం నుంచి ఒక జంట దిగారు. అతనిది ల్యాబులో పాలు పరీక్ష చేసే ఉద్యోగం. ఆమె మెత్తని మనిషి, ఎవరేమన్నా తలూపేది. వాళ్ళకి ఐదేళ్ళ కూతురు, ఒక్కతే. చీపురుపుల్లలా ఉండేది గానీ మాటలు మాత్రం బస్తాల కొద్దీ ఉండేవి. మొదటిరోజే గుమ్మంలోకొచ్చి నన్ను "అమ్మమ్మా" అని పిలిచింది. నాకప్పటికి యాభై రెండు, నెలకోసారి జుట్టుకి రంగేసుకుంటున్నాను. తల్లి నొచ్చుకుని "ఆంటీ అనమ్మా" అంటే, పిల్ల నన్ను కింద నుంచి మీదికి ఓసారి చూసి, "ఊహూఁ, అమ్మమ్మే" అని తీర్పు చెప్పేసింది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. ఇవాళ్టికీ నేను అమ్మమ్మనే.

సాయంత్రాలు కాంపౌండు పిల్లలంతా గేటు నుంచి ఖర్జూరపు చెట్టు దాకా పరుగు పందెం పెట్టుకునేవారు. ఈ పిల్ల అందరికన్నా ముందు బయలుదేరి, సగం దారిలో ఆగిపోయేది. మోకాళ్ళు పొట్టకి ఆనించుకుని, తల వంచి, గొంతుక్కూర్చునేది. ఒకటి రెండు నిమిషాలలాగే ఉండి, ఏమీ జరగనట్టు లేచి నడుచుకుంటూ పోయేది. మా ఇల్లు రెండో అంతస్తు. శుక్రవారం ఉదయం నేను మా హాల్లో పిల్లలకి తెలుగు చెప్పేదాన్ని. అందరూ మెట్లెక్కి లోపలికొచ్చి చాప మీద మఠం వేసుకుంటే, ఇది మాత్రం గుమ్మంలో చెప్పుల స్టాండు పక్కన కాసేపు గొంతుక్కూర్చున్నాకే లోపలికొచ్చేది. నిజం చెప్పాలంటే ఆ బడిలో అక్షరాల కన్నా కూర్చోవడమే నేను ఎక్కువ నేర్పాను. ఒక శుక్రవారం ఉండబట్టలేక, మిగతా తల్లులందరి ముందూ అనేశాను.

"ఏవిటే ఆ కూర్చోవడం, ఆడపిల్లవి? బస్సు కోసం గోడవారన కూర్చున్నట్టు!"

తల్లి మొహం కందిపోయింది. "ఎన్నిసార్లు చెప్పినా ఇనదు ఆంటీ. ఊర్లోనూ అట్లే కూచుంటాండె. అలవాటైపోయింది" అంది. "అలవాటే కదా, నాకొదిలెయ్. పదిహేను రోజుల్లో మాన్పిస్తాను" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో నాకింకా గుర్తుంది.

బీరువా తలుపు మీద పదిహేను గడుల చార్టు ఒకటి అంటించాను. గొంతుక్కూర్చోకుండా గడిపిన రోజుకి ఒక ఎర్ర నక్షత్రం. పదిహేనూ నిండితే ఇరవై నాలుగు రంగుల పెన్సిళ్ళ పెట్టె. పెట్టె పిల్లకి కనబడేలా బీరువా పైన పెట్టాను. రోజూ సాయంత్రం తల్లిని సాక్షిగా వెంటబెట్టుకొచ్చి, తనే నాలుకతో తడిచేసి నక్షత్రం అంటించుకుని వెళ్ళేది. పంతం గల పిల్ల. పరుగు మధ్యలో ఆగి, కూర్చోకుండా, గోడ పట్టుకుని నిలబడేది. భుజాలు ఎగిరెగిరి పడేవి. నేను బాల్కనీలోంచి చప్పట్లు కొట్టేదాన్ని. ఒకరోజు పెదవులు నేరేడుపళ్ళు తిన్నట్టు కనబడితే, వీధి చివర బఖాలా కొట్లో ద్రాక్ష షర్బత్తు తాగొచ్చావు కదూ అని నిలదీశాను. తాగలేదంది. అబద్ధమాడితే నక్షత్రం కట్ అన్నాను. పిల్ల ఏడవలేదు. నావైపు అలా చూసింది. ఆ చూపు ఒక్కోసారి పప్పు కడుగుతుంటే గుర్తొస్తుంది, చేతిలో పని ఆగిపోతుంది.

పన్నెండు నక్షత్రాలయ్యాయి. మర్నాడు శుక్రవారం. హాల్లో ఏసీ నీళ్ళు కారుస్తోందని అంతకుముందు రోజే కంప్లయింటిస్తే, పొద్దున్నే మెయింటెనెన్సు నుంచి మనిషి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు, చాలా ఏళ్ళుగా మా ఏసీలన్నీ అతని చేతిలోనే బతుకుతున్నాయి. నేను తమ్ముడూ అంటే, అతను అక్కా అనేవాడు. హాలు మూలన గొంతుక్కూర్చుని, బకెట్లో ఫిల్టరు ముంచి బ్రష్షుతో తోముతున్నాడు. పిల్లలంతా వచ్చేశారు. పక్కింటి పిల్ల ఆలస్యమైందని మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కొచ్చి, తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. లోపలికి రాదు, కూర్చోదు, మాట్లాడదు. అతను తలెత్తి చూశాడు. బ్రష్షు ఆగింది.

"పిల్లను కూసుండనియ్యుండ్రి అక్కా. ఆమెకు దమ్ము ఆడుతలేదు."

"పరిగెత్తుకొచ్చింది, అంతే. నీ పని నువ్వు చూసుకో తమ్ముడూ" అన్నాను. పిల్లతో, "రా, వచ్చి మఠం వేసుకో" అన్నాను. పిల్ల తల అడ్డంగా ఊపింది. "కూచోను. స్టార్ పోతాది" అంది. అంటూనే ఏడుపు మొదలెట్టింది. అది మామూలు ఏడుపు కాదు, గొంతులోంచి సన్నగా తీగ లాగినట్టు వస్తోంది. చూస్తుండగానే పెదవులు, గోళ్ళు నీలంగా అయిపోయాయి. కళ్ళు తేలేసి, చెప్పుల స్టాండు మీదికి ఒరిగిపోయింది. నేనేం చేశానో దాచకుండా రాస్తున్నాను: చేతిలో సుద్దముక్కతో నిలబడ్డాను. అంతే చేశాను. బకెట్టు తన్నుకుని పరిగెత్తింది అతను. పిల్లని ఒళ్ళోకి తీసుకుని, మోకాళ్ళు రెండూ మడిచి గుండెకి ఆనించి గట్టిగా అదిమి పట్టుకున్నాడు. దుమ్మునీళ్ళ చేతులు. పిల్ల గౌను నిండా మరకలు.

"ఏడ్వకు బిడ్డా. ఏం గాదు. ఏం గాదు."

నీళ్ళు చల్లనా అన్నాను. "ఏమొద్దు అక్కా, ఇగో ఈ మోకాలు గిట్ల పట్టుండ్రి" అన్నాడు. పట్టుకున్నాను. ఎంతసేపో నాకు తెలియదు. పిల్లలంతా చాప మీద మఠం వేసుకుని, నేను నేర్పినట్టే బుద్ధిగా, కదలకుండా చూస్తున్నారు. మెల్లగా పెదవులకి రంగు తిరిగింది. గోళ్ళకి అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది. అప్పుడన్నాడు, నావైపు చూడకుండా: "మా అన్న బిడ్డకు గిట్లనే అయితుండె. గుండెల లోపం. కూసుంటెనే ఆమె పానం నిమ్మళమయ్యేది. మోకాళ్ళు గిట్ల పట్టాలని హైదరాబాదుల డాక్టరు సూపెట్టిండు. ఈ పిల్ల కూసునుడు అలవాటు గాదక్కా. అది దాని మందు."

పదిహేను రోజుల్లో మాన్పిస్తానన్న మందు అది. పన్నెండు రోజులు మాన్పించాను.

తల్లి పరిగెత్తుకొచ్చింది. పిల్లని చూసి, సంగతి విని, గోడకి జారగిలబడిపోయింది. అప్పుడు బయటపెట్టింది. "పుట్టినప్పుడే చెప్పినారు ఆంటీ, గుండెలో ఏదో చప్పుడుండాదని. ఆర్నెల్లకి మళ్ళీ చూపించమన్యారు. బాగానే ఆడుకుంటాండె, రంగు బాగుండె. దిష్టి తగుల్తాది, ఎవరికీ చెప్పొద్దు అనింది మా అత్త. ఇక్కడికొచ్చేటప్పుడు ఇన్సూరెన్సు ఫారంలో కూడా జబ్బులేమీ లేవనే రాసినాము, వీసాకి ఏమన్నా అడ్డమొస్తాదేమోనని." నేను ఆ పిల్లతల్లిని తిట్టాను. చదువుకున్నవాళ్ళేనా మీరు అని తిట్టాను. తిడుతున్నంతసేపూ బీరువా తలుపు వైపు చూడనక్కర్లేదు కదా, అందుకని కాస్త ఎక్కువగానే తిట్టాను.

మూడోరోజున రియాద్‌లో పిల్లల గుండె డాక్టరు దగ్గరున్నాం. తల్లికి ఇంగ్లీషు అంతగా రాదు, తండ్రికి వచ్చిన ఇంగ్లీషు ఆరోజు నోట్లోంచి రాలేదు. దుబాసీని నేనే. డాక్టరు సౌదీ అమ్మాయి, నఖాబులోంచి కళ్ళు మాత్రం కనిపిస్తాయి. పిల్ల గుండెకి స్కానింగు చేసి, ఒక్కో ప్రశ్నా అడుగుతూ రాసుకుంటోంది. ఆడాక అలసిపోతుందా, పెదవులు రంగు మారతాయా. ఆ వరుసలోనే అడిగింది, పరిగెత్తాక గొంతుక్కూర్చుంటుందా అని. నేను తెలుగులో అడిగాను. తల్లి నా మొహం చూసి, తల దించుకుని, "ముందు కూచుంటాండె. ఈ మధ్య మానేసింది" అంది. నన్ను కాపాడుదామనే అంది, పిచ్చిపిల్ల. ఆ ఒక్క ముక్క ఇంగ్లీషులోకి మార్చేస్తే నా పేరు ఎక్కడా రాదు. కానీ డాక్టరు కలం కాగితం మీద ఆగి ఎదురుచూస్తోంది. మానేసిందని రాసుకుంటే, నెమ్మదించిందనుకుంటుందేమో. చెప్పేశాను. తనంతట తను మానలేదు, నేనే మాన్పించాను, బహుమతి ఆశపెట్టి మాన్పించాను అని. డాక్టరు కలం కింద పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. టిష్యూ కాగితం మీద బొమ్మ గీసింది. గుండె గదుల మధ్య గోడకి ఇక్కడ కన్నం, ఊపిరితిత్తులకి పోయే దారి ఇక్కడ ఇరుకు. పరిగెత్తినప్పుడూ ఏడ్చినప్పుడూ ఆ ఇరుకు ఇంకా బిగుసుకుని, నెత్తురు ప్రాణవాయువు అందుకోకుండానే ఒంట్లోకి మళ్ళిపోతుంది. గొంతుక్కూర్చుంటే కాళ్ళ వైపు దారి నొక్కుకుపోయి, ఆ నెత్తురు మళ్ళీ ఊపిరితిత్తుల వైపు తిరుగుతుంది. "ఇది ఈ పిల్లకి ఎవరూ నేర్పలేదు, తనే కనిపెట్టుకుంది" అంది. ఆపరేషను చెయ్యాలి, తొందరగా చెయ్యాలి, ఇలాంటిది మళ్ళీ పెద్దగా వస్తే చెప్పలేం అంది. ఆ ఆఖరి మాట తెలుగులోకి మార్చడానికి నాకు మాటలు దొరకలేదు. తల్లికి నేను మార్చకుండానే అర్థమైంది.

ఇక మువాఫఖా రావాలి. ఇన్సూరెన్సువాళ్ళ అనుమతిని ఇక్కడ అందరూ ఆ మాటతోనే అంటారు, తెలుగులో మాట్లాడుతున్నా సరే. ఫారంలో లేవన్న జబ్బు ఇప్పుడెలా ఉందని వాళ్ళడిగారు. తండ్రి జరిగింది జరిగినట్టు, తప్పు మాదేనని ఉత్తరం రాసిచ్చాడు. మా ఆయన అతన్ని వెంటబెట్టుకుని ఆఫీసులన్నీ తిరిగాడు. తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మందు వెయ్యడం, పిల్లని పరిగెత్తనివ్వకపోవడం, అన్నిటికీ మించి ఏడవనివ్వకపోవడం మా పని. ఈ సంగతి పిల్ల మొదటి సాయంత్రానికే పసిగట్టింది. "ఏడుస్తా" అంటే చాలు, కాంపౌండు మొత్తం గడగడలాడేది. పొద్దున్నే ఐస్‌క్రీమంది, ఇచ్చారు. ఇంట్లో పిల్లి కావాలంది, ఎవరో ఎక్కడినుంచో ఒక ఎర్రపిల్లిని పట్టుకొచ్చారు. మా ఆయన్ని గుర్రం అవమంది. అరవై కిలోమీటర్ల వేగం దాటి కారు నడపని మనిషి, హాల్లో సకిలిస్తూ తిరిగాడు. నా జన్మలో నేను పిల్లలకి లొంగింది ఆ తొమ్మిది రోజులే. నవ్వుకునేవాళ్ళం, నవ్వుతూనే దాని గోళ్ళకేసి చూసేవాళ్ళం. నాకు నిద్ర లేదు, తిండి లేదు. పదిసార్లు వాళ్ళ తలుపు కొట్టి, ఏం లేదమ్మా ఊరికే వచ్చాను అని తిరిగొచ్చేదాన్ని. ఆ తల్లి ఒక్కసారి కూడా నన్నొక్క మాట అనలేదు. అనుంటే ఒక మూల పడి ఏడ్చి ఊరుకునేదాన్నేమో.

ఒకరోజు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను, ఇకనుంచి నీకెలా బాగుంటే అలా కూర్చోమని.

"స్టార్ పోదా?"

"పోదు. అమ్మమ్మ తప్పు చెప్పింది."

"అయితే నీకే స్టార్ కట్" అంది. కట్టే అని ఒప్పుకున్నాను. బీరువా మీది పెన్సిళ్ళ పెట్టె తీసి చేతిలో పెట్టబోతే, చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఇంకా మూడు కావాల" అంది. ఎంత బతిమాలినా తీసుకోలేదు. న్యాయం న్యాయమే. పెట్టె మళ్ళీ బీరువా పైకెక్కింది.

అనుమతి వచ్చింది, ఆపరేషను రోజు ఖాయమైంది. ముందుగా రక్తం ఇచ్చేవాళ్ళని తీసుకురమ్మన్నారు. మా కాంపౌండులో చూస్తే ఒకరికి షుగరు, ఒకరికి బీపీ, ఒకరికి సూదంటే భయం, ఒకరికి ఆవేళే మీటింగు. ఏసీ తమ్ముడు ఎలా విన్నాడో విన్నాడు. "మేమున్నం కదక్కా" అన్నాడు. అన్నట్టే సెలవురోజున క్యాంపు నుంచి పది మందిని బస్సెక్కించుకుని రియాద్ వచ్చాడు. రక్తం తీసే గది చిన్నది, ఇద్దరిద్దర్ని పిలుస్తున్నారు. మిగతావాళ్ళంతా బయట గోడవారన, చారెడు నీడలో, బారుగా గొంతుక్కూర్చున్నారు. నేను ఏళ్ళ తరబడి బాల్కనీలోంచి చూసిన వరుసే అది, నీడతో సహా. నేను లోపలుండలేక బయటికి, బయటుండలేక లోపలికి తిరుగుతున్నాను. ఏడోసారో ఎనిమిదోసారో బయటికొచ్చినప్పుడు అతను పక్కకి జరిగి, "ఎంతసేపు తిరుగుతరక్కా, జరంత కూసోండ్రి" అన్నాడు. కూర్చున్నాను. యాభై రెండేళ్ళలో మొదటిసారి, నలుగురు చూసే చోట, గోడవారన గొంతుక్కూర్చున్నాను. మోకాళ్ళు రెండూ టపటపమన్నాయి. మా అమ్మ చూపు ఎక్కడో ఆకాశంలోంచి నా వీపుకి తగిలింది, తగలనీ అనుకున్నాను. సెక్యూరిటీ కుర్రవాడు పరిగెత్తుకుంటూ వచ్చి "మామా, కుర్సీ, కుర్సీ" అంటూ కుర్చీ వేశాడు. వద్దని చెయ్యి ఊపాను. మోకాళ్ళు గుండెకి ఆనాయి, తల దానంతటదే వంగింది. ఆ శుక్రవారం నుంచీ మోస్తున్న బరువేదో మెల్లగా కిందికి దిగింది. ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. ఈ సుఖాన్నా నేను ఆ పిల్లకి దక్కకుండా చేసింది అనిపించి, వాళ్ళందరి మధ్యా భోరుమని ఏడ్చాను. రక్తం ఇచ్చి వచ్చిన ఒకతను తనకిచ్చిన జ్యూసు డబ్బా నా చేతిలో పెట్టాడు. అన్ని రోజులూ అడగడానికి భయపడ్డ ప్రశ్న అప్పుడడిగాను, మీ అన్న కూతురు ఇప్పుడెలా ఉంది తమ్ముడూ అని.

"మంచిగున్నది. ఇంటరు సదువుతున్నది. మొన్న గూడ ‘చిన్నబాపూ, ఫోన్ కొనియ్యి’ అని ఒక్కటే సతాయించుడు" అన్నాడు. ఫోను కోసం వేధించే పిల్ల ఉందంటే నాకు అంతకన్నా శుభవార్త లేదనిపించింది.

ఆపరేషను పొద్దున మొదలై మధ్యాహ్నం దాటాక ముగిసింది. ఆ గంటల గురించి రాయను, రాయడానికి అక్కడ ఒక గోడ గడియారం తప్ప ఏమీ లేదు. బాగా జరిగిందన్నారు. మర్నాడు అద్దం అవతలినుంచి చూపించారు. గొట్టాల మధ్య గుప్పెడంత పిల్ల. తల్లి నా చెయ్యి పట్టుకుని, "గోళ్ళు చూడండి ఆంటీ" అంది. లేత గులాబీరంగు గోళ్ళు. ఐదేళ్ళుగా ఇంట్లోవాళ్ళు రంగు బాగుంది అనుకున్నది అసలు రంగే కాదని అప్పుడు తెలిసింది.

రెండు నెలల తర్వాత పిల్లని ఆడుకోనిమ్మన్నారు. మొదటి సాయంత్రం నేను బాల్కనీలో నిలబడ్డాను. గేటు నుంచి బయలుదేరింది, అందరికన్నా ముందుంది, సరిగ్గా ఆ సగం దారికొచ్చేసరికి ఆగి, గొంతుక్కూర్చుంది. నేను మెట్లెలా దిగానో నాకు తెలియదు. ఒక కాలికే చెప్పుంది. ఆయాసపడుతూ పక్కన చతికిలబడి, "ఏవైందే తల్లీ, ఏవైంది" అంటే, తలెత్తకుండానే, "ష్, అమ్మమ్మా, చీమలు పోతాండాయి" అంది. ఖర్జూరపు గింజనొకదాన్ని పది చీమలు ఈడ్చుకుపోతున్నాయి. నేనూ చూశాను. అవి గోడ కన్నంలోకి పోయేదాకా ఇద్దరం గొంతుక్కూర్చుని చూశాం.

ఏసీ తమ్ముడు తర్వాత రెండేళ్ళకి రియాద్ అంచున సులైలో వేరే కంపెనీకి మారాడు, పండక్కి ఫోను చేస్తాడు. పిల్లకిప్పుడు పదమూడు. గుండె మీద నిలువునా గీత ఉంది, ఏడాదికోసారి రియాద్ వెళ్ళి చూపించుకోవాలి, మిగతా వేళల్లో స్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడి అందరి మోకాళ్ళూ విరగ్గొడుతుంది. నిన్న సాయంత్రం వచ్చింది. నా మోకాళ్ళకి కట్టిన బెల్టులు చూసి సంగతంతా అడిగింది. డాక్టరు వంగి వేలు ఊపిన వైనం చెప్తే పడీపడీ నవ్వింది. "అయితే అమ్మమ్మా, నీకిప్పుడు కూచుంటే కట్, కూచోకుంటే స్టార్" అంటూ లేచి బీరువా తలుపు తీసింది. చార్టు ఇంకా అక్కడే ఉంది. తలుపు లోపలివైపుకి మార్చాను గానీ చింపడానికి ఎప్పుడూ చెయ్యి రాలేదు. పన్నెండు ఎర్ర నక్షత్రాలు, అంటే ఆ పిల్ల ఊపిరి ఉగ్గబట్టుకున్న పన్నెండు రోజులు, వాటి పక్కన మూడు ఖాళీ గడులు. పాత నక్షత్రాల కాగితం సొరుగులో వెతికి, నాలుకతో తడిచేసి, పదమూడో గడిలో ఒకటి అంటించింది. "ఇంకా రెండు. అప్పుడు పెన్సిళ్ళు నీవే" అంది. తర్వాత నేను తనని సాగనంపడానికి గుమ్మం దాకా వెళ్ళబోతే, ఆగమని, నా కాళ్ళ దగ్గర హాయిగా గొంతుక్కూర్చుని నా చెప్పు పట్టీ బిగించింది. ఎంతసేపు కూర్చున్నా లేవమని అనలేదు నేను. ఆ పదమూడో గడి నిండడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. మిగిలిన రెండింటికీ కాలం ఎంత తీసుకున్నా సరే, నేను తొందరపెట్టను.